కొసరు లెక్క

సంతలో కుంచముతో ధాన్యము కొలుచు వర్తకుడు కొలత ముగిసిన పిదప పిడికెడు గింజలు కొసరుగా వేయుట తెలుగు దేశమున చిరకాలముగా నున్న ఆచారము. ఆ కొసరు కొనువాని కన్నుల యెదుటనే సంచిలో పడును. అది యెంతయో అతడు చూచును. ఇంటికి కొనిపోయి అనుభవించును. నేడు క్రెడిట్ కార్డులు వాడుచున్న వారికి బ్యాంకులు ఇచ్చుచున్న రివార్డు పాయింట్లు కూడ ఒకవిధమగు కొసరే. అయితే ఈ కొసరు ఇచ్చువాని పద్దులోనే యుండును. దాని విలువను ఇచ్చువాడే నిర్ణయించును. కొలపాత్రను నడుమ మార్చు అధికారమును సయితము అతడే యుంచుకొనియున్నాడు. గడువులోగా అడిగి తీసికొనని వారి భాగము తిరిగి అతని గాదెలోనికే పోవును. ఇట్టి కొసరును చూచి సంతసించుట కంటె ముందు దాని లెక్క తెలిసికొనుట వివేకులకు కర్తవ్యము.

దేశాభ్యుదయమునకు సంబంధించిన మహావిషయము లుండగా ఈ అల్పవిషయమును సంపాదకీయమున చర్చింపనేల యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఇది అల్పవిషయము కాదని మా అభిప్రాయము. మన దేశమునకు డైనర్సు క్లబ్బు కార్డు 1961లో వచ్చినది. 1980లో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా తన కార్డును ప్రవేశపెట్టినది. చాలకాలము వరకు ఇది ధనికులకును, పెద్ద ఉద్యోగులకును మాత్రమే పరిమితమైన సౌకర్యము. 2024 ఫిబ్రవరి నాటికి దేశమున చెలామణిలో నున్న క్రెడిట్ కార్డుల సంఖ్య 10 కోట్లు దాటినది. మిర్చి యార్డులోని కమీషను వర్తకుడు, పాఠశాల ఉపాధ్యాయుడు, రైసుమిల్లు యజమాని, హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న రైతుబిడ్డ, వీరందరి జేబులలోను నేడు కార్డు కలదు. ఒక్కొక్క కార్డుపై ఏడాదికి 100 రూపాయల విలువ మాత్రమే అజాగ్రత్తవలన చేజారుచున్నదనుకొన్నను, 10 కోట్ల కార్డులకు అది 1000 కోట్ల రూపాయలగును. ప్రజల చేతినుండి జారిపోవు ఇంత ధనమును గూర్చి పత్రికలు మాటలాడకుండుట తగదు.

ముందుగా ఈ పాయింట్లకు మూలధన మెచ్చటినుండి వచ్చుచున్నదో విచారింతము. బ్యాంకు తన సొంత ధనమునుండి దానము చేయుట లేదు. మనము దుకాణములో కార్డుతో 100 రూపాయలు చెల్లించినపుడు వర్తకునకు 100 రూపాయలును చేరవు. సాధారణముగ ఒకటిన్నర మొదలు రెండు మూడు రూపాయల వరకు తరుగు పోయి మిగిలినది చేరును. ఆ తరుగులో పెద్ద భాగము కార్డు నిచ్చిన బ్యాంకునకును, కొంత కార్డు యంత్రాంగమును నడుపు వీసా, మాస్టర్‌కార్డు, రూపే వంటి సంస్థలకును, కొంత వర్తకుని బ్యాంకునకును పోవును. కార్డు నిచ్చిన బ్యాంకు తన భాగములోనుండి మరికొంత తీసి మనకు పాయింట్ల రూపమున ఇచ్చుచున్నది. మార్కెటు యార్డులలో తరుగు బాధ ననుభవించిన రైతులకు ఈ విధానము క్రొత్తగా బోధింప నక్కరలేదు. వర్తకుడు మాత్రము ఆ తరుగును ఎచ్చటినుండి పూడ్చుకొనును? సరకుల ధరలోనే కలుపుకొనును. కావున కార్డు లేక నగదు చెల్లించి కొను కూలివాడు కూడ ఆ హెచ్చు ధరనే ఇచ్చుచున్నాడు. మన పాయింట్లలో అతని పైసయు కలదు. ఈ సంగతి మరువరానిది.

ఈ యుపాయము నేటిది కాదు. అమెరికాలో స్పెర్రీ, హచిన్సన్ అను సంస్థ 1896లో ఆకుపచ్చ స్టాంపుల వ్యాపారమును ప్రారంభించెను. దుకాణదారుడు ఆ స్టాంపులను కొని తనవద్ద సరకులు కొన్నవారికి పంచెడివాడు. గృహిణులు వాటిని పుస్తకములలో అంటించి, పుస్తకములు నిండిన పిదప వస్తువులకు మార్చుకొనెడివారు. అంటింపక మూలబడిన స్టాంపులన్నియు ఆ సంస్థకు లాభమే. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్సు విమానసంస్థ ప్రయాణముచేసిన మైళ్లను లెక్కించి ఉచితప్రయాణము లిచ్చు పద్ధతిని పెట్టెను. నేటి బ్యాంకుల పాయింట్లు ఈ రెండింటి సంతానము. మూడింటను ఒకటే సూత్రము గలదు: ఇచ్చునపుడు సంఖ్య పెద్దదిగా కనబడవలెను, పుచ్చుకొనునపుడు విలువ చిన్నదిగా నుండవలెను, పుచ్చుకొననివారు ఎందరుందురో అంత లాభము.

ఇక మన పాఠకులు తెలిసికొనవలసిన లెక్కకు వత్తము. మొదటి నియమము అన్నిటికంటె ముఖ్యమైనది. కార్డుపై వడ్డీ చెల్లించువానికి పాయింట్ల విచారమే అనవసరము. లక్షరూపాయలు ఖర్చు చేసినవానికి నూటికి ఒకటి చొప్పున 1000 రూపాయల విలువగల పాయింట్లు వచ్చుననుకొందము. ఆ లక్షను గడువునకు చెల్లింపక ఒక్క నెల నిలువ పెట్టినచో, నెలకు మూడున్నర శాతము వడ్డీ 3500 రూపాయలు, దానిపై 18 శాతము జి.ఎస్.టి. 630 రూపాయలు, వెరసి 4130 రూపాయలు. నాలుగు లక్షల ఖర్చుపై కూడబెట్టిన కొసరు ఒక నెల అశ్రద్ధకు చాలకపోయెను. పల్లెలలోని వడ్డీవ్యాపారిని మన పెద్దలు నిందించిరి; నెలకు నూటికి మూడున్నర రూపాయల వడ్డీ యనునది సయితము అల్పమైనది కాదు. ఏడాదికి 30 శాతమునకు మించిన వడ్డీ అన్యాయ వ్యాపారమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో తీర్పు చెప్పెను. 2024 డిసెంబరు 20వ తేదీన సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. కావున ఈ విషయమున మనలను రక్షించునది మన జాగ్రత్త యొక్కటియే. పూర్తి బిల్లును గడువునకు ముందు చెల్లించువారికి మాత్రమే ఈ క్రింది మాటలు ఉపయోగపడును.

రెండవ నియమము: పాయింట్ల సంఖ్యను చూడక పైసలను చూడవలెను. ఒక బ్యాంకు 150 రూపాయలకు 4 పాయింట్లు ఇచ్చుననియు, మరియొకటి 100 రూపాయలకు 10 పాయింట్లు ఇచ్చుననియు ప్రకటించినచో, రెండవదియే మేలని తలచుట పొరపాటు. పాయింటునకు పైసలెన్నియో తెలియనిదే పోలిక కుదరదు. ఎస్.బి.ఐ. కార్డు సంస్థవారి పెక్కు కార్డులలో 4 పాయింట్లకు 1 రూపాయి, అనగా పాయింటునకు 25 పైసలు. కొన్ని ఇతర బ్యాంకుల కార్డులలో పాయింటు విలువ 20 పైసలకు దిగియుండును; కొన్నిటిలో రూపాయి వరకు పోవును. అంతకంటె విచిత్రమైన సంగతి యేమనగా, ఒకే బ్యాంకు ఇచ్చు ఒకే కార్డులో ఒకే పాయింటునకు పుచ్చుకొను మార్గమునుబట్టి మూడు నాలుగు విలువలుండును. ఉన్నతశ్రేణి కార్డు నొకదానిని ఉదాహరణముగ గైకొందము. బిల్లులో తగ్గించుకొన్నచో పాయింటునకు 30 పైసలు. వస్తువుల జాబితానుండి కొన్నచో 50 పైసలు. విమానపు టిక్కెట్టునకో హోటలు బసకో వాడినచో 1 రూపాయి. అట్టి కార్డుపై 20,000 పాయింట్లు గలవాడు తొందరపడి బిల్లులో తగ్గించుకొన్నచో 6000 రూపాయలు పొందును. వస్తువు కొన్నచో 10,000. ప్రయాణమునకు వాడినచో 20,000. ఒకే సంచిలోని ధాన్యమునకు ఒక ద్వారమున ఒక ధర, మరియొక ద్వారమున మూడు రెట్ల ధర! పాయింట్లను నగదుగా మార్చు మార్గమే సాధారణముగ సులభమైనది. తరచు అదియే తక్కువ విలువ నిచ్చునది. కావున మీట నొక్కుటకు ముందు అన్ని మార్గముల విలువలను ఒక కాగితముపై వ్రాసికొని పోల్చి చూడవలెను. నగదుగానే ఇచ్చు కార్డులు కూడ నేడు కలవు. ప్రయాణములు చేయనివారికిని, లెక్కలకు తీరిక లేనివారికిని అవియే మేలు.

మూడవ నియమము: పుచ్చుకొనుటకు విధించు రుసుమును తీసివేసి లెక్క చూడవలెను. పెక్కు బ్యాంకులు పాయింట్లను మార్చుకొనినప్పుడెల్ల 99 రూపాయలును, దానిపై 18 శాతము పన్నును వసూలు చేయుచున్నవి. వెరసి దాదాపు 117 రూపాయలు. పాయింటు 25 పైసల కార్డులో 500 పాయింట్లు మార్చుకొన్నవానికి 125 రూపాయల విలువలో 117 రుసుముక్రింద పోయి, చేతికి మిగులునది 8 రూపాయలు. కొండను త్రవ్వి ఎలుకను పట్టిన చందము. అదే మనిషి 8000 పాయింట్లు చేరువరకు ఆగి 2000 రూపాయల విలువ నొక్కసారి తీసికొన్నచో రుసుము నూటికి ఆరు రూపాయలకు మించదు. కావున చిల్లరగా మార్చుకొనక, ఏడాదికి ఒకటి రెండు సార్లు మొత్తముగా మార్చుకొనుట లాభకరము. కొన్ని కార్డులపై ఈ రుసుము లేదు. అట్టివారికి ఈ నిరీక్షణ అక్కరలేదు.

నాలుగవ నియమము వస్తువుల జాబితాను గూర్చినది. బ్యాంకు జాబితాలో మిక్సీయో, పెట్టెయో, గడియారమో ఇన్ని పాయింట్లకు లభించునని వ్రాసియుండును. ఆ వస్తువు బజారులో ఎంత ధరకు దొరకునో విచారించి, ఆ ధరను పాయింట్ల సంఖ్యచే భాగింపవలెను. 12,000 పాయింట్లు అడుగు వస్తువు బజారులో 2400 రూపాయలకే దొరకినచో పాయింటు 20 పైసలకే అమ్ముడుపోయినది. జాబితాలో ముద్రించిన ధరను నమ్మరాదు. నిజముగా కొనగల ధరయే ప్రమాణము. సరకుల దుకాణములకును, బట్టల దుకాణములకును చెల్లు వోచర్లు వస్తువులకంటె తరచు మేలు. అయితే మన మెటులైనను డబ్బు పెట్టి కొను దుకాణముదే తీసికొనవలెను. వోచరు గడువును చూచుకొనవలెను. వోచరు గడువు తీరిన పిదప బ్యాంకు గాని దుకాణము గాని జాలి చూపుట అరుదు.

ఐదవది విమానపు మైళ్ల సంగతి. ఇందు లాభము పెద్దది, భ్రమయు పెద్దదే. లెక్కించు విధము సులభము. టిక్కెట్టు నగదు ధరనుండి, మైళ్లతో కొన్నను మనము చెల్లింపవలసిన పన్నులను తీసివేసి, మిగిలినదానిని మైళ్ల సంఖ్యచే భాగింపవలెను. 9000 రూపాయల టిక్కెట్టునకు 10,000 మైళ్లును, 1200 రూపాయల పన్నులును అడిగిరనుకొందము. 7800 రూపాయలను 10,000 చే భాగింపగా మైలునకు 78 పైసలు వచ్చును. బ్యాంకు పాయింటు ఒకటికి మైలు ఒకటి ఇచ్చు కార్డున నిది మంచి బేరము. ఐదు పాయింట్లకు రెండు మైళ్లు మాత్రమే ఇచ్చు కార్డున 25,000 పాయింట్లు కావలెను. పాయింటునకు 31 పైసలే దక్కును. కావున మారకపు నిష్పత్తి తెలియక విమానసంస్థకు పాయింట్లు బదిలీ చేయరాదు. మరియు ఈ బదిలీ సాధారణముగ ఒకే దిక్కునకు పోవు బాట. పోయిన పాయింట్లు బ్యాంకునకు తిరిగి రావు. కోరిన దినమున మైళ్లకు కేటాయించిన సీటు కలదో లేదో మొదట చూచి, పిదపనే బదిలీ చేయవలెను.

బ్యాంకుల సొంత ప్రయాణ విపణులలో టిక్కెట్టు కొనువారు విమానసంస్థ అడుగు ధరతో పోల్చి చూడవలెను. అచ్చట 500 రూపాయలు హెచ్చుగా నున్నచో పాయింటు రూపాయి యను మాటకు అర్థము లేదు. టిక్కెట్టు ధర నంతయు పాయింట్లతో చెల్లింపనీయక, కొంత భాగము డబ్బుగానే తీసికొను నిబంధనయు కొన్ని కార్డులకు కలదు. నెలకు ఇన్ని పాయింట్లే వాడవలెనను పరిమితులును కలవు.

భ్రమను గూర్చి ఒకమాట. పెద్ద తరగతి సీటు ధర 1,50,000 రూపాయలు, దానిని 60,000 మైళ్లకు పొందితిని, మైలునకు రెండున్నర రూపాయలు దక్కినవని గర్వించువారు కలరు. ఆ మనిషి ఎన్నడైనను 1,50,000 నగదిచ్చి ఆ సీటును కొనునా? కొననిచో, అతడు కొనియుండెడి సాధారణ టిక్కెట్టు ధర 40,000 మాత్రమే అతనికి నిజముగా మిగిలినది. మైలునకు దక్కినది 66 పైసలు. ఆ సుఖమును అనుభవింపరాదని మేము చెప్పుట లేదు. సుఖమును సుఖముగాను, పొదుపును పొదుపుగాను వేరువేరు పద్దులలో వ్రాసికొనవలెనని మాత్రము చెప్పుచున్నాము. అమెరికాలో నివసించు మన తెలుగువారు డిసెంబరు మాసమునను, వేసవి సెలవులందును హైదరాబాదునకు వచ్చునపుడు టిక్కెట్టు ధరలు మిన్నంటియుండును. అట్టి కాలమున మైళ్లతో సీటు దొరకినచో అది నిజమైన లాభము. వారు ఆ ప్రయాణమును ఎట్లయినను చేసితీరుదురు గావున. సీట్లు కొద్ది, కోరువారు మెండు గనుక నెలల ముందుగా వెదకువారికే అవి దక్కును.

ఆరవ నియమము: పాయింట్లను పాతర వేయరాదు. పాతరలోని ధాన్యము పెరుగదు. ఎలుకలు మాత్రము తినును. బ్యాంకులోని డబ్బునకు వడ్డీ కలదు. పాయింట్లకు వడ్డీ లేదు. పెక్కు కార్డులలో రెండు మూడేండ్లకు పాయింట్లు చచ్చును. కార్డును రద్దు చేసికొన్నను, వాయిదా తప్పినను అవి పోవుట కలదు. అంతకంటె ఘోరమైనది విలువ తగ్గింపు. ఆక్సిస్ బ్యాంకు మాగ్నస్ అను కార్డున 5 పాయింట్లకు 4 మైళ్ల చొప్పున నుండిన మారకము 2023 సెప్టెంబరు 1వ తేదీనుండి 5 పాయింట్లకు 2 మైళ్లకు దిగెను. ముందుచెప్పిన టిక్కెట్టునకు అదివరకు 12,500 పాయింట్లు చాలియుండగా, ఆ దినమునుండి 25,000 కావలసివచ్చెను. కూడబెట్టినవాని కష్టార్జితము సగమయ్యెను. విమానసంస్థలే మాయమైన ఉదాహరణములును కలవు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17వ తేదీన నిలిచిపోయెను. దాని మైళ్ల పథకము అదే యేడాది పేరు మార్చుకొని వేరొక వ్యాపారముగా మిగిలెను. విస్తారా సంస్థ 2024 నవంబరు 12వ తేదీన ఎయిర్ ఇండియాలో విలీనమయ్యెను. సభ్యుల పాయింట్లు క్రొత్త పథకమునకు మారినవి గాని, ఆ సంస్థ పేర బ్యాంకు లిచ్చిన కార్డులు మూతపడినవి. కావున వచ్చు ప్రయాణమునకో, వచ్చు పండుగకో అని ఒక నిశ్చయమైన ప్రయోజనము నేర్పరచుకొని కూడబెట్టవలెను; అది తీరినవెంటనే వాడివేయవలెను. ఇనుపపెట్టెలో నుంచదగిన ఆస్తి పాయింటు కాదు.

ఏడవ నియమము: కొసరుకొరకు అసలును పెంచరాదు. ఏడాదికి ఇంత ఖర్చు చేసినచో అదనపు పాయింట్లు, ఇంత చేసినచో వార్షిక రుసుము మాఫీ అని బ్యాంకులు మజిలీలు ఏర్పరచినవి. రేపు కొనవలసిన ఎరువునో, కట్టవలసిన బీమా సొమ్మునో నేడు చెల్లించి మజిలీ చేరుట దోషము కాదు. అట్టి చెల్లింపునకు ఆ కార్డున పాయింట్లు కలవో లేవో చూచుకొనవలెను, ఏలయన ఇంధనమునకును, ఇంటి అద్దెకును, ప్రభుత్వమునకు చెల్లించు సొమ్మునకును పాయింట్లు ఇయ్యనివి పెక్కులు. అక్కరలేని వస్తువును పాయింట్లకొరకు కొనుట మాత్రము రూపాయి పోగొట్టుకొని పైస నేరుకొనుటయే. వార్షిక రుసుమును కూడ ఏటేట కొసరు విలువనుండి తీసివేసి చూడవలెను. 5000 రూపాయల రుసుము చెల్లించి 4000 విలువగల పాయింట్లు పొందువాడు బ్యాంకునకు 1000 రూపాయలు కానుక ఇచ్చుచున్నాడు.

ఇంకొక ఆపదను గూర్చి పాఠకులను హెచ్చరింపవలసియున్నది. మీ పాయింట్లు నేటి రాత్రితో ముగియును, ఈ లంకెను నొక్కుడు, ఈ యాప్‌ను దించుకొనుడు అని సెల్‌ఫోనులకు సందేశములు వచ్చుచున్నవి. ఇవి మోసగాండ్రు పన్నిన వలలు. స్టేటుబ్యాంకు పేర వచ్చు ఇట్టి సందేశములను నమ్మవలదని కేంద్రప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయము కూడ 2024లో హెచ్చరించెను. పాయింట్లను పుచ్చుకొనుటకు కార్డు వెనుకనున్న మూడంకెల సంఖ్యను గాని, ఓ.టి.పి.ని గాని ఫోనులో ఎవరికిని చెప్పరాదు. బ్యాంకు సొంత యాప్‌లోనికో, సొంత వెబ్‌సైటులోనికో తామే ప్రవేశించి చూచుకొనవలెను. మోసము జరిగినదని తెలిసిన క్షణముననే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

ఇంతవరకు చెప్పినది వ్యక్తుల కర్తవ్యము. ప్రజల జాగ్రత్త యొక్కటియే చాలదు. పాలకుల కర్తవ్యమును గలదు. ఆస్ట్రేలియాలో అచ్చటి రిజర్వు బ్యాంకు 2003లో బ్యాంకుల నడుమ చెల్లు కార్డు రుసుమును దాదాపు సగమునకు తగ్గించెను. యూరోపియన్ యూనియన్ 2015లో క్రెడిట్ కార్డులపై ఆ రుసుమును నూటికి 30 పైసల వంతునకు పరిమితము చేసెను. రెండుచోట్లను పాయింట్లు సన్నగిల్లినవి గాని, వర్తకులపై భారము తగ్గినది. అమెరికాలో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ, సంపాదించిన పాయింట్ల విలువను తగ్గించుట చట్టవిరుద్ధము కావచ్చునని 2024 డిసెంబరులో హెచ్చరించెను. అధికారము మారిన పిదప 2025 మే మాసమున ఆ సంస్థయే తాను పూర్వము వెలువరించిన మార్గదర్శక పత్రములను పదులకొలది ఉపసంహరించుకొనెను. ఒక ప్రభుత్వ మిచ్చిన రక్షణను మరియొక ప్రభుత్వము తీసివేయగలదని ఇందువలన తెలియుచున్నది. నిలుకడగల నిబంధన లవసరము.

మన రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21వ తేదీన క్రెడిట్ కార్డులపై సమగ్రమైన ఆదేశములు వెలువరించెను. అడుగని కార్డులను అంటగట్టరాదనియు, రద్దు కోరిన కార్డును ఏడు పనిదినములలో మూయవలెననియు, లేనిచో దినమునకు 500 రూపాయలు ఖాతాదారునకు చెల్లింపవలెననియు అందు విధించెను. రుసుములను మార్చినచో కనీసము నెల ముందు తెలుపవలెననియు, ఆ మార్పు ముందుకాలమునకే వర్తింపవలెననియు అందే కలదు. ఈ న్యాయమును పాయింట్లకు సయితము విస్తరింపవలెనని మేము కోరుచున్నాము. రుసుము పెంపు గడచిన కాలమునకు వర్తింపరానిచో, విలువ తగ్గింపు ఇదివరకే సంపాదించిన పాయింట్లకు ఎట్లు వర్తించును? బ్యాంకు తన పథకమును మార్చుకొను స్వేచ్ఛ కలిగియుండవచ్చును. మార్పుకు పూర్వము ఆర్జించిన పాయింట్లను పాత విలువకే ఒక సంవత్సరమువరకు మార్చుకొనుటకు అవకాశ మీయవలెను. రెండవది, నెలనెల పంపు బిల్లులో పాయింట్ల సంఖ్యతోబాటు, ఒక్కొక్క మార్గమున వాటి విలువ ఎన్ని రూపాయలో ముద్రింపవలెను. మూడవది, గడువు తీరబోవు పాయింట్లను బిల్లుపై స్పష్టమైన అక్షరములతో చూపవలెను. ఖాతాదారుడు కోరిన భాషలో చూపవలెను. తెలుగు రైతునకు ఇంగ్లీషు సన్నయక్షరములలో షరతులు చెప్పుట చెప్పకపోవుటతో సమానము. నాలుగవది, తన పాయింటును తాను పుచ్చుకొనుటకు రుసుము విధించుట మానవలెను.

స్వదేశీ యంత్రాంగమును గూర్చి ఒక్కమాట చెప్పి ముగింతుము. మన దేశీయ చెల్లింపుల సంస్థ 2012లో రూపే కార్డును వెలువరించెను. 2022 సెప్టెంబరునుండి రూపే క్రెడిట్ కార్డును యు.పి.ఐ. ద్వారా చిన్న దుకాణములలో సయితము వాడగలుగుచున్నాము. చిన్న వర్తకునకు 2000 రూపాయల లోపు చెల్లింపులపై తరుగు లేకుండుట ఇందలి విశేషము. కార్డు ఇచ్చునపుడు ఏ యంత్రాంగము కావలెనో ఖాతాదారుడే ఎన్నుకొను స్వేచ్ఛ నీయవలెనని 2024 మార్చిలో రిజర్వు బ్యాంకు పెద్ద బ్యాంకులను ఆదేశించెను. ఈ స్వేచ్ఛను మన ప్రజలు వినియోగించుకొనవలెను. స్వదేశీ యని కన్నులు మూసికొనవలెనని మాత్రము మేము చెప్పము. రూపే కార్డుపై వచ్చు పాయింట్లను సయితము ఇదే త్రాసున తూచి, పైసల లెక్క చూచియే ఎన్నుకొనవలెను. స్వదేశీ సంస్థలు న్యాయమైన కొలతచే ప్రజలను గెలుచుకొనుటయే వాటికి గౌరవము.

ఈ వారముననే ప్రతి పాఠకుడును తన కార్డు బిల్లు ముందు పెట్టుకొని నాలుగు సంగతులు వ్రాసికొనవలెనని మా మనవి: ఎన్ని పాయింట్లున్నవి, అవి ఎన్నడు ముగియును, ఏ మార్గమున ఎన్ని రూపాయలు, రుసుము పోగా మిగులున దెంత. ఇంగ్లీషు చదువలేని తండ్రికి కుమారుడు, అత్తకు కోడలు ఈ లెక్క చెప్పవలెను. పాయింట్లు తక్కువని తేలినచో కార్డును మార్చుకొనవచ్చును. బ్యాంకు సమాధానము తృప్తికరముగా లేనిచో ముప్పది దినముల తరువాత రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు మొరపెట్టుకొనవచ్చును. మన పూర్వులు ఒక్క సోలెడు ధాన్యము తక్కువ కొలిచినను వర్తకుని నిలదీసెడివారు. ఆ అలవాటును మనము విడువవలసిన పని లేదు.